సాసరు అడుగు

పలాసలో ఉన్న చెల్లెలికి కబురు చెయ్యాలా అక్కర్లేదా అన్నదగ్గర సోమేశం ఆగిపోయాడు.

వాళ్ళక్క నాగరత్నాన్ని పెద్దాసుపత్రి నించి ఇంటికి తెచ్చి అప్పటికి చాన్నాళ్ళయింది. పొట్టలో పుండు ముదిరిపోయిందన్నారు. డాక్టరు సోమేశాన్ని పక్కకి పిలిచి, ఇంటికి తీసుకెళ్ళండి, ఆవిడ ఏది అడిగితే అది పెట్టండి అని చెప్పాడట. ఆ మాటకి అర్థం నాకెవరూ చెప్పక్కర్లేదు. మా ఆయన్ని పంపించేటప్పుడూ అదే మాటన్నారు. సోమేశం మాత్రం మా టీ కొట్టు ముందు ఆగి, పథ్యం ఏమీ లేదన్నారు పిన్నిగారూ, అన్నీ తినొచ్చట అని సంబరంగా చెప్పాడు. నేను టీ వడపోసుకుంటూ ఊరుకున్నాను.

మా కొట్టు కాకినాడ మెయిన్ రోడ్డులో. పైన మేడమీద ఒక షేర్ల ఆఫీసు. దాని వెనక గదిలో గవర్రాజు మాస్టారు కూర్చునేవారు. ఆయన బళ్ళో పాఠాలు చెప్పిన మనిషి కాదు. షేర్ల ధరలు రోజూ గడుల కాగితం మీద చుక్కలు పెట్టి, ఆ చుక్కలు కలిపి గీత గీసేవారు. అందరూ కంప్యూటర్లో చూసుకుంటున్నా ఆయన పెన్సిలు వదల్లేదు. చేత్తో గీస్తేగాని బుర్రకెక్కదనేవారు. ఆ గీతలు చదవడం నేర్చుకోడానికి సాయంత్రం పూట కొంతమంది ఆయన దగ్గర చేరేవారు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవారు కాదు. ఫలానాది కొనండి అని చెప్పేవారూ కాదు. అడిగితే, నీ కళ్ళు జేబులో పెట్టుకుని నన్ను చూడమంటావేంటి అనేవారు.

వాళ్ళకి టీ నేనే పైకి పట్టుకెళ్ళేదాన్ని. అందరికీ గాజు గ్లాసులు. మాస్టారికి మాత్రం కప్పూ సాసరూ ఉండాలి. టీ సాసర్లో పోసుకుని, మీగడ కట్టేదాకా ఆగి, రెండు చేతులతో పట్టుకుని తాగేవారు. తాగుతున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడితే సాసరు కింద పెట్టేసేవారు.

అక్కడికి వచ్చేవాళ్ళందర్లోకీ సోమేశం ముందున్నవాడు. రిజిస్ట్రారాఫీసులో గుమాస్తా. పెళ్ళి చేసుకోలేదు. చిన్నప్పుడే భర్త పోయి పుట్టింటికొచ్చిన అక్కే వాణ్ణీ, చెల్లెలు రాజ్యాన్నీ పెంచింది. వాడికి ఆఫీసూ, అక్కా, ఈ గీతలూ తప్ప ఇంకో ధ్యాస లేదు. మాస్టారు సగం గీసేసరికి మిగతా సగం చెప్పేవాడు. చాలాసార్లు వాడు చెప్పిందే నిజమయ్యేది. అదే వాడికి కొంచెం తలకెక్కింది.

ఆ గీతల్లో సాసరు అని ఒకటుందండి. షేరు ధర మెల్లిగా దిగుతుంది. దిగి దిగి ఒకచోట పడుకుంటుంది. ఎవరూ దాని మొహం చూడరు. అలా చాలాకాలం పడుకుని, మళ్ళీ మెల్లిగా లేస్తుంది. కాగితం మీద చూస్తే సాసర్ని పక్కనించి చూసినట్టే ఉంటుంది. అందుకే దానికా పేరు. అది అడుగున ఉన్నప్పుడు పసిగట్టినవాడికి పండగ. అందరికీ దాని మీదే కన్ను.

ఒకరోజు కిరాణా కొట్టు పాపయ్యశెట్టి గారు మాస్టార్ని అడిగారు, అడుగు అయిపోయి పైకి లేవడం మొదలయిందని ఎలా తెలుస్తుందని.

మాస్టారు ఖాళీ సాసరు ఆయన ముందు పెట్టారు. కళ్ళు మూసుకోమన్నారు. ఈ అంచు నించి ఆ అంచుకి వేలు మెల్లిగా పోనిమ్మన్నారు. శెట్టిగారు బుద్ధిగా కళ్ళు మూసుకుని వేలు నడిపించారు.

"ఎక్కుతున్నట్టు ఎప్పుడు తెలిసింది?" అన్నారు మాస్టారు.

శెట్టిగారు ఆలోచించారు. "ఎక్కాక తెలిసిందండి."

మాస్టారు సాసరు ఇవతలికి లాక్కుని టీ పోసుకున్నారు. పాఠం అయిపోయింది.

సోమేశం నవ్వాడు. శెట్టిగారి వేలు బెల్లం దిమ్మలు పట్టుకుని మొద్దుబారిందనీ, తనకైతే అడుగున ఉండగానే తెలిసిపోతుందనీ అన్నాడు. శెట్టిగారూ ఊరుకోలేదు. నువ్వు కళ్ళు మూసుకోవు కదయ్యా, రెప్పల సందులోంచి చూస్తావు అన్నారు. అందరూ నవ్వారు. మాస్టారు టీ తాగుతున్నారు కాబట్టి ఏమీ అనలేదు.

అక్కని ఇంటికి తెచ్చిన దగ్గర్నించీ సోమేశం ఒక పని పెట్టుకున్నాడు. బరువు చూసే మిషనొకటి కొనుక్కొచ్చాడు. రోజూ పొద్దున్నే ఆవిణ్ణి భుజాలు పట్టుకుని దాని మీద నిలబెట్టి, ఒక్క క్షణం చేతులు వదిలేసి, అంకె చూసి మళ్ళీ పట్టుకునేవాడు. ఆ అంకెని గడుల కాగితం మీద చుక్క పెట్టేవాడు. కాగితం మంచానికెదురుగా గోడకి అంటించాడు.

నేను రోజూ సాయంత్రం ఫ్లాస్కులో టీ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. మా కొట్టు వెనక సందులోనే. నాగరత్నానికి అప్పటికే కప్పు ఎత్తే ఓపిక లేదు. సాసర్లో పోసి పట్టుకుంటే రెండు గుక్కలు పుచ్చుకునేది. అది కూడా నేను అంత దూరం తెచ్చానని. ఎలా ఉందమ్మా అంటే కళ్ళతో గోడకేసి చూపించేది. అడగాలంటే దాన్నడుగు అన్నట్టు.

మొదట్లో ఆ చుక్కలు మెట్లు దిగినట్టు దిగిపోయాయి. తర్వాత ఆగాయి. అక్కణ్ణించి ఒకే వరసలో పడుకున్నాయి. ఒకటి అర గడి పైన, ఒకటి అర గడి కింద. సోమేశం మొహంలోకి కళ వచ్చింది. అక్క కాళ్ళకి చలి అని ఉన్ని మేజోళ్ళు తొడిగేవాడు. అవి బిగుతయ్యాయని పెద్దవి కొనుక్కొచ్చి, చూశారా పిన్నిగారూ, ఒళ్ళు వస్తోంది అన్నాడు. ఆఖరి చుక్క దగ్గర్నించి పైకి సన్నగా చుక్కల గీత ఒకటి గీశాడు. అది ఇంకా జరగనిది. శ్రావణమాసం నాటికి అక్క లేచి తిరుగుతుందని ఆ గీత చెప్తోందట.

నాకు గీతలు తెలీవు. అంత నమ్మకంగా చెప్తుంటే ఒక పక్క నిజమేనేమో అనిపించేది. ఇంకో పక్క మంచం మీది మనిషిని చూస్తే కాదనిపించేది. ఒకరోజు వరండాలో ఆపి, రాజ్యాన్ని పిలిపించెయ్యి నాయనా అన్నాను.

వాడికి కోపం వచ్చింది. పైకి లేచే టైములో ఆ మనిషిని పిలిచి ఏడిపించడం దేనికన్నాడు. అక్క కోలుకున్నాక తనే పలాస తీసుకెళ్తాడట.

ఈ అన్నాచెల్లెళ్ళ సంగతి మా సందులో అందరికీ తెలుసు. వాళ్ళమ్మ పోయినప్పుడు రాజ్యం రైల్లో ఉంది. చీకటి పడేలోగా కానిచ్చెయ్యాలని పెద్దవాళ్ళన్నారు. సోమేశం సరేనన్నాడు. రాజ్యం వచ్చేసరికి వాకిట్లో నీళ్ళ తడి తప్ప ఏమీ లేదు. అమ్మ మొహం చూసుకునేదాకా ఒక్క పూట ఆగలేకపోయావా అని అడిగింది. ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం ఎవరాగుతారన్నాడు వీడు. మొండితనం ఇద్దరిదీ ఒకటే. రాజ్యం ఆ తడి వాకిట్లోంచే వెనక్కి తిరిగి, నువ్వు నోరారా పిలిస్తే తప్ప నీ గడప తొక్కను అనేసి వెళ్ళిపోయింది. వీడు పిలవలేదు. అది తొక్కలేదు.

అక్కాచెల్లెళ్ళు ఫోన్లో మాట్లాడుకునేవారు. కానీ నాగరత్నం తన సంగతి పూర్తిగా చెప్పలేదు. ఏదో పొట్టనొప్పి, తగ్గుతోందిలే అంది. ఎందుకు దాస్తావు అని నేనడిగితే, "సోము పిలవాలి పిన్నీ. వాడు పిలవకుండా అది వచ్చిందంటే ఇద్దరికీ నేనే తగువు మిగిల్చినట్టు" అంది. దానిమీదట నేనింక మాట్లాడలేదు. ఆవిడ కళ్ళు మాత్రం ఎవరు తలుపు తోసినా అటే తిరిగేవి.

చెల్లెల్ని పిలవడమంటే అక్క బతకదని ఒప్పుకోవడమే. సోమేశానికి గొంతు దిగనిది అదీ.

ఆ వారంలోనే ఒక సాయంత్రం వాడు గోడ మీది కాగితం ఊడదీసి, చుట్టి మేడమీదికి పట్టుకొచ్చాడు. నేను టీ అందిస్తున్నాను. కాగితం మాస్టారి బల్లమీద పరిచి, చూడండి మాస్టారూ అన్నాడు. దేనిదో చెప్పలేదు.

పాపయ్యశెట్టి గారు మెడ చాపి చూశారు. పేరు చెప్పకుండా దాచుకుంటున్నావా సోమేశం, ఇంత నున్నటి సాసరు ఈ మధ్య నేను చూళ్ళేదయ్యా, ఏ కంపెనీయో చెప్తే మేమూ నాలుగు కొనుక్కుంటాం అన్నారు. పక్కనున్నవాళ్ళూ అవునవునన్నారు. సోమేశం మాస్టారికేసే చూస్తున్నాడు. ఆయన తల ఊపితే చాలన్నట్టు.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. ఆఖరి చుక్క మీద వేలు పెట్టారు. ఆ వేలు కిందకి జారి, కాగితం అడుక్కి వచ్చింది. అక్కడ ఖాళీగా ఉంది.

షేర్ల గీత కింద పుల్లలు గీస్తారు. ఆ రోజు ఎంతమంది కొన్నారో, ఎన్ని షేర్లు చేతులు మారాయో చెప్పే పుల్లలు. పైన గీత ఎంత బాగున్నా కింద పుల్లలు చూడకుండా నమ్మొద్దని మాస్టారు మొదటిరోజే అందరికీ చెప్పేవారు. ధర నిలబడి ఉండొచ్చు, కానీ దాన్ని ఏది నిలబెడుతోందో కింద చూడమనేవారు.

"పుల్లలేవి?" అన్నారు.

"దీనికి ఉండవు మాస్టారూ."

"ఏంటిది?"

"మా అక్క" అన్నాడు సోమేశం.

శెట్టిగారు తాగుతున్న గ్లాసు బల్లమీద పెట్టేశారు. కింద రోడ్డు మీద ఆటోల చప్పుడు అంతా గదిలోకొచ్చేసింది.

మాస్టారు కాగితాన్ని చాలాసేపు చూశారు. పెన్సిలు ముట్టుకోలేదు. తర్వాత కాగితం చుట్టి సోమేశం చేతికిచ్చి, కండువా భుజం మీద వేసుకుని లేచారు. "పద" అన్నారు. నేను ఎలాగూ అటే వెళ్ళాలి. ఫ్లాస్కు పట్టుకుని వెనకే నడిచాను. ఆయన కప్పూ సాసరూ కూడా చేత్తో పట్టుకున్నాను. ఎక్కడికెళ్ళినా ఆయనకి అందులోనే పొయ్యాలి.

దారి పొడుగునా సోమేశం చెప్తూనే ఉన్నాడు. మొన్న అర ఇడ్లీ తిందని, నిన్న అరటిపండు అడిగిందని. మాస్టారు సందులో గుంటలు చూసుకుంటూ నడిచారు.

మాస్టార్ని చూడగానే నాగరత్నం లేవబోయింది. వద్దమ్మా అని ఆయనే కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నారు. ఒంటి మీద దుప్పటి ఉంది. మొహంలో ఎముకలు తప్ప ఏమీ లేవు. తమ్ముడు మీ దగ్గర బాగా నేర్చుకుంటున్నాడాండీ అని అడిగింది, బళ్ళో చేర్పించిన పిల్లాడి గురించి అడిగినట్టు. బాగానే నేర్చుకుంటున్నాడు, తొందరెక్కువ అన్నారాయన. చిన్నప్పట్నించీ అంతేనండి, అన్నం ఉడక్కుండానే మూత తీసేవాడు అంది. అందులో నవ్వుంది గానీ నవ్వే ఓపిక లేదు.

నేను టీ పోసిచ్చాను. మాస్టారు తన టీ సాసర్లో పోశారు. ఆవిడ తల కింద చెయ్యిపెట్టి కొంచెం లేపి, సాసరు పెదాల దగ్గర పెట్టారు. ఒక గుక్క పుచ్చుకుంది. రెండో గుక్క నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. కాసేపటికి కొంగుతో పెదాలు తుడుచుకుంది. టీ అందులోకే వచ్చేసింది.

"రుచి తెలుస్తోందా అమ్మా?" అన్నారు.

"తెలుస్తోందండి. దిగడంలేదు, అంతే."

సోమేశం, పొద్దున్న బాగా తాగింది మాస్టారూ, ఇప్పుడు కొత్తవాళ్ళున్నారని మొహమాటపడుతోంది అన్నాడు. ఆయన మిగిలిన టీ తనే తాగేసి సాసరు నాకిచ్చారు. దుప్పటి అంచున ఉన్ని మేజోళ్ళు కనిపిస్తున్నాయి. అటు చూసి, ఏమీ అనుకోవుకదమ్మా అని ఆవిణ్ణి అడిగారు. అనుకోనంది. ఎందుకో తనకి ముందే తెలిసినట్టుంది.

"సోమేశం, మేజోడు తియ్యి."

వాడు మంచం చివర మోకాళ్ళ మీద కూర్చుని మేజోడు లాగాడు. తేలిగ్గా రాలేదు. వచ్చాక చూస్తే, మేజోడు పట్టీ ఉన్నచోట చుట్టూ లోతుగా చార పడింది. పాదం నున్నగా, నిండుగా మెరుస్తోంది. పై ఒంట్లో ఎముకల గూడు, కింద ఈ పాదం. ఒకే మనిషివి అంటే నమ్మలేం.

"బొటనవేలు పెట్టి నొక్కు. చీలమండ పైన."

సోమేశం మాస్టారికేసి చూశాడు. అక్కకేసి చూశాడు. నొక్కాడు.

"ఇంకొంచెం. ఊఁ. ఇప్పుడు తియ్యి."

వేలు తీశాడు. అక్కడ గుంట పడింది. వాడి బొటనవేలంత గుంట, అడుగు గుండ్రంగా, అంచులు నున్నగా. చర్మం పైకి రాలేదు. అలాగే ఉండిపోయింది.

ముగ్గురం దాన్నే చూస్తున్నాం. పక్కింట్లో ఎవరో కుక్కరు దించారు. సందులో ఎవరో సైకిలు స్టాండు వేశారు. గుంట గుంటలాగే ఉంది.

"లేచిందా?" అన్నారు మాస్టారు.

"లేవలేదు."

"చూడు."

సోమేశం ఇంకా వంగి చూశాడు. వాడి ఊపిరి నాకు వినిపిస్తోంది.

"లేచిందా?"

"లేవలేదు మాస్టారూ" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

బరువు నిలబడింది నిజమే. నిలబెట్టింది నీరు.

నాగరత్నం దిండు మీంచి తమ్ముణ్ణే చూస్తోంది. కాలి సంగతి ఆవిడకి పట్టలేదు. "పిండి ముద్దలా లేదూ? మొన్నట్నించి నేనూ నొక్కి చూసుకుంటున్నాను" అంది నాతో, వాడికి వినపడేలా. వాడు మేజోడు మళ్ళీ తొడగబోయాడు. వదిలెయ్యరా, గాలి తగలనీ అంది.

మాస్టారు ఆవిడ చెయ్యి ఒకసారి పట్టుకుని లేచి వరండాలోకి వచ్చారు. సోమేశం కాగితం పట్టుకుని వెనకే వచ్చాడు. చెప్పులు వేసుకుంటుంటే అడ్డం నిలబడ్డాడు. ఒక్క చుక్క కూడా నేను అబద్ధం పెట్టలేదు మాస్టారూ, తప్పెక్కడ చేశాను అని అడిగాడు. అది గొడవ కాదు. నిజంగానే తెలీక అడిగాడు.

మాస్టారు వాడి చేతిలో కాగితం విప్పారు. ఆఖరి చుక్క మీద గోరు పెట్టారు.

"ఇక్కడిదాకా ఆవిడది" అన్నారు. గోరు పక్కకి జరిపి, పైకి లేస్తున్న ఆ సన్న గీత మీద పెట్టారు. "ఇది నీది."

కాగితం వాడికే వదిలేసి సందులోకి దిగి వెళ్ళిపోయారు.

సోమేశం చాలాసేపు వరండా గట్టు మీద కూర్చున్నాడు. నేను ఫ్లాస్కు కడుక్కుని, లోపల దీపం వేసి వచ్చాను. వాడు ఫోను చేతిలో పట్టుకుని ఉన్నాడు. నెంబరు తన దగ్గర లేదు. లోపలికి వెళ్ళి అక్క ఫోన్లో చూసి రావాలి. వెళ్ళాడు, వచ్చాడు. తర్వాత నొక్కాడు.

అవతల ఎత్తారు. "రాజ్యం" అన్నాడు, అంతే.

రాజ్యం గొంతు నాక్కూడా వినపడింది. ఏడుపు లేదు, కోపం లేదు. ఎండిపోయిన గొంతు.

"ఎన్నింటికి తీస్తున్నారన్నయ్యా?"

అంటే, వీడు ఫోను చేశాడంటే అంతా అయిపోయిందనే అనుకుంది. ఇంకెందుకు చేస్తాడు మరి.

సోమేశం గట్టు మీంచి లేచి నిలబడ్డాడు. స్తంభం పట్టుకున్నాడు.

"లేదమ్మా, ఉంది. మాట్లాడుతోంది" అన్నాడు. "నేను పిలుస్తున్నాను రాజ్యం. మాట్లాడుతుండగా రా."

అవతల ఫోను ఎవరో లాక్కున్నట్టు చప్పుడైంది. వాళ్ళాయన కాబోలు, ఏ రైలుందో చూస్తానంటున్నాడు. రాజ్యం ఏడుపు అప్పుడు మొదలైంది. సోమేశం ఫోను చెవికి పెట్టుకుని అలాగే వింటూ నిలబడ్డాడు, పెట్టెయ్యకుండా.

మర్నాడు పొద్దున్న సామర్లకోట స్టేషన్లో చెల్లెల్ని దింపుకుని రావడానికి తనే వెళ్ళాడు. నేను నాగరత్నానికి మొహం తుడిచి, జుట్టు దువ్వి, ఉతికిన చీర కప్పాను. తల కింద రెండో దిండు పెట్టమంది. ఎవరు వస్తున్నారని అడగలేదు. నేనూ చెప్పలేదు. పనులు తెమిలాక పక్కన కూర్చుని కూర తరుక్కున్నాను.

గుమ్మం దగ్గర ఆటో ఆగింది. రాజ్యం దిగింది. తెచ్చిందల్లా ఒక చిన్న సంచీ, అది సోమేశం చేతిలో ఉంది. గడప దగ్గర ఆగి సోమేశానికేసి చూసింది. వాడు పక్కకి తప్పుకున్నాడు. రా అన్నాడు. గడప దాటి వచ్చింది.

మంచం దగ్గరకొచ్చి, అక్క మొహం చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాగరత్నం చెయ్యి చాపింది. రాజ్యం మంచం మీద కూర్చుని ఆ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. పొట్టనొప్పని చెప్పావు కదే అంది. మొదట పొట్టనొప్పేనే అంది అక్క. మీ ఆయన, పిల్లలు ఎలా ఉన్నారని అడిగింది. సగం రంగు వెలిసిన ఆ చీర ఎప్పటిదని అడిగింది.

నేను కత్తిపీట పక్కన పెట్టి లేవబోయాను. నాగరత్నం కూర్చో పిన్నీ అంది. తర్వాత చెల్లెలికేసి తిరిగింది.

"ఎవరు చెప్పారే నీకు?"

"అన్నయ్యే. నిన్న పొద్దుగుంకాక ఫోను చేశాడు."

"వాడే చేశాడా? నోటితో రమ్మన్నాడా?"

"రమ్మన్నాడక్కా."

నాగరత్నం తల దిండు మీదికి వాల్చేసింది. ఇన్నాళ్ళూ మెడ బిగబట్టుకుని ఉన్నట్టు, అదిప్పుడు వదిలేసినట్టు. కళ్ళు మూసుకుంది.

"అయితే వాడికీ తెలిసిందన్నమాట" అంది.

సోమేశం గుమ్మంలో ఉన్నాడు. చేతిలో చెల్లెలి సంచీ ఇంకా అలాగే ఉంది. ఆ మాట విన్నాడు. అక్కకి ఎప్పట్నించి తెలుసో, ఎవరి కోసం రోజూ పొద్దున్నే లేచి నిలబడిందో వాడికి అప్పుడు అర్థమయినట్టుంది. సంచీ కింద పెట్టడం కూడా మర్చిపోయాడు.

ఆవిడ కళ్ళు తెరవకుండానే అంది.

"కూర్చోరా సోమూ."

వాడు వచ్చి కూర్చున్నాడు.